సమస్య: "సంత మూయ నిల్లు సంత యయ్యె" (ఆటవెలది) – పూరణలు, సవరణలు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

సంత మూయ నిల్లు సంత యయ్యె

సంత మూసేస్తే ఇల్లు సంత కావడమేమిటన్నదే చిక్కు. 2020లో ఉగాది, లాక్‌డౌన్ మొదటి రోజు ఒకటే, మార్చి 25. ఆ రోజు పచ్చడికి మామిడికాయ దొరక్క మా ఇంట్లో చింతపండుతోనే కానిచ్చాం. తర్వాత మూడు వారాలు అటక మీదున్నదే తిన్నాం. అది గుర్తొచ్చి ఇచ్చాను. మీరు వేరే దారిలో వెళ్ళినా సరే, గణాలు (గురులఘువుల లెక్క), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) మాత్రం తప్పొద్దు.

మాగాయ టెంక:
నాదే బోణీ.

అటకమీద జాడి నావకాయుండగ,
చిన్న కుండలోన చింతపండు,
వడియములను వేచ వంటిల్లు గుమగుమ!
సంత మూయ నిల్లు సంత యయ్యె!

నిర్వాహకుడు:
అక్కా, రెండో పాదం "చిన్న కుండలోన చింతపండు" పలుకుతుంటేనే నోట్లో నీళ్ళూరాయి. యతి కోసం వెతికినట్టే లేదు. ఒక్క సందేహం. మార్చిలో జాడీలో ఆవకాయ ఎక్కడిది? కొత్తది పెట్టేది ఎండలు ముదిరాక కదా.

మాగాయ టెంక:
పాతదే బాబూ. ముక్కలు జనవరికే అయిపోయాయి. అడుగున పిండి, నూనె, ఊట మిగిలాయి. ఆ ఊటే వేడన్నంలో కలిపి పది రోజులు నడిపాను. చింతపండు మాత్రం కొత్తది, శివరాత్రి తర్వాత గింజ తీసి, ఉప్పు చల్లి కుండకెత్తింది. గుమ్మడి వడియాలూ సంక్రాంతి గుమ్మడికాయవే. కందిపప్పుకి ఆముదం రాసి, బియ్యంలో వేపాకు వేసి పెడితే మావారు నవ్వేవారు, "యుద్ధం వస్తోందా" అని. ఆ నెలలో మళ్ళీ నవ్వలేదు.

పటమట పంతులు:
నాది లాక్‌డౌన్ కాదు, విజయవాడలో బుడమేరు వరద. 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలు వాళ్ళు రెండో అంతస్తులో ఉన్నారు. కింది వాటాల వాళ్ళంతా పైకొచ్చేశారు.

క్రిందివారు మీది కెక్కిరి వరదలో,
గింజ లొకరు తేగ, గిన్నె లొకరు;
పొయ్యి యొకటె గాని భోక్తలు పదిమంది;
సంత మూయ నిల్లు సంత యయ్యె!

నిర్వాహకుడు:
ఇక్కడ సంత అంటే సరుకు కాదు, సందడి. సమస్యలో ఉన్న రెండో అర్థాన్ని పట్టుకున్నారు. 

మాగాయ టెంక:
అంతా బావుంది గానీ పంతులు గారూ, "భోక్తలు" ఏమిటండీ! పాపం వరదలో తడిసి వచ్చినవాళ్ళని తద్దినానికి కూర్చోబెట్టారు.

పటమట పంతులు:
అయ్యో! యతి కోసం పెట్టానమ్మా, అటువైపు ఆలోచన పోలేదు. "పొయ్యి యొకటె గాని బొజ్జలు పదియుండె" అంటే?

నిర్వాహకుడు:
అదే ఉంచండి. పొ–బొ వర్గయతి. మా ఓటు బొజ్జలకే.

కొత్త కలం:
గురువు గారూ, నమస్కారం. ఇది నా మూడో పద్యం. టెన్షన్‌గానే పెడుతున్నా.

కందిపొడిని కలిపి కాస్త నెయ్యి వేసి
ముద్ద ముద్ద కొక్క మెచ్చుకోలు;
ఊరమిరపకాయ యొక్కటి కొరుకంగ
సంత మూయ నిల్లు సంత యయ్యె!

నిర్వాహకుడు:
టెన్షన్ ఎందుకు తమ్ముడూ, రుచి తెలిసినవాడివే. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు బాగానే పడ్డాయి. తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. నువ్వు కాస్త, నెయ్యి, వేసి అని మళ్ళీ మూడు గలాలే (గురువు, లఘువు) వేశావు. మొదట్లో అందరం చేసే పొరపాటే ఇది, చెవికి లయ బానే ఉన్నట్టు వినిపిస్తుంది. "కాసింత నెయ్యితో" అను, త గణం, ర గణం వచ్చేస్తాయి. రెండో పాదంలో గణాలు సరే, యతి పోయింది. ము–మె కలవవు. "ముద్దముద్ద కొక్క మురిపె మొలికె" అంటే సరి. మూడో పాదం ముట్టుకోను, ఊ–ఒ చక్కగా కుదిరాయి.

ఇంతకీ ఒక్క మిరపకాయ కొరికితే ఇల్లు సంత ఎలా అయ్యింది?

కొత్త కలం:
అది చల్లలో ఊరింది కదా, కారం ఉండదనుకుని మా చిన్నోడు మొత్తం నోట్లో పెట్టుకున్నాడు సార్. వాడి ఏడుపు, మా ఆవిడ కేకలు, నీళ్ళ కోసం నా పరుగులు.

నిర్వాహకుడు:
మరి ఆ చిన్నోణ్ణి పద్యంలోకి తేవద్దూ!

పాలమూరు జొన్న:
2009 అక్టోబర్ వరదల్ల అలంపురం దిక్కు మా మేనత్త ఊరు. ఇల్లు మెట్ట మీద ఉండె, అందుకే మిగిలింది. పాదం జర వేరే తీరు విరిచిన.

గాదె నిండ గింజ గలయామె పొరుగింటి
వారి కెల్ల సోల వంతు లిచ్చె;
మూసిపోయె మొన్న ముంపుతో మా యూరి
సంత, మూయనిల్లు సంత యయ్యె!

పటమట పంతులు:
"మూయ నిల్లు"ని "మూయని ఇల్లు" చేశారు! సంత మూతపడింది, తలుపు మూయని ఇల్లు సంతయింది. నేను పొద్దుట్నించి ఆ పాదం చూస్తూనే ఉన్నాను, తట్టలేదు. వ్యాకరణం గట్టిగా పట్టుకునేవాళ్ళు "మూయని యిల్లు" అనాలంటారేమో.

నిర్వాహకుడు:
అననివ్వండి. విరుపు ఇంత బాగా పడ్డప్పుడు నేను చూసీ చూడనట్టు పోతాను. కానీ మీ వైపు గాదె కంటే పాతరే (గింజలు దాచే గొయ్యి) కదా ఎక్కువ?

పాలమూరు జొన్న:
అవును, తాతల కాలంల జొన్నలన్నీ పాతర్లనే. మూత తీసినంక ఎంటనే లోపలికి దిగనిచ్చేటోళ్ళు గాదు, గాలి చెడి ఉంటదని. పద్యం "పాతర"తోనే మొదలువెడ్దామనుకున్న, కానీ అది భ గణమాయె, ఆటవెలది మొదటి గణంగ పట్టదు. సీసం అడిగితే పెడుదును.

కొత్త కలం:
సార్, ఇంకొకటి. అందరి పద్యాల్లో జాడీలు, గాదెలు చూశాక రాయాలనిపించింది. నా చిన్నప్పుడు మా నాన్న తాపీ పని చేసేవాడు. సాయంత్రం కూలి వస్తేనే కిలో బియ్యం, పావుకిలో పప్పు. వాన పట్టి వారం పని లేకపోతే దాచిందేమీ ఉండేది కాదు.

నేటి కూలితోడ నేటి బియ్యమె తేగ
జాడి యేది మాకు? జాగ యేది?
పక్కవారి యిండ్ల పచ్చళ్ళు రాగానె
సంత మూయ నిల్లు సంత యయ్యె!

నిర్వాహకుడు:
గణాలు చూశాను, యతులు చూశాను. సవరణ ఏమీ లేదు.

మాగాయ టెంక:
"జాగ యేది" దగ్గర ఆగిపోయాను నాయనా. నేను అటకతో మొదలుపెట్టాను, అటక లేని ఇల్లు నాకు తట్టనే లేదు. ఇంతకీ ఏం పచ్చడి వచ్చింది?

కొత్త కలం:
గోంగూర అండీ. ఎదురింటి పెద్దమ్మ జాడీతో సహా ఇచ్చింది. ఆ జాడీ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, తిరిగి ఇవ్వడం మర్చిపోయాం.