గేమ్ కన్సోల్ కోసం రూటర్‌లో యూపీఎన్‌పీ ఆన్ చేయవచ్చా, పోర్టులు మనమే తెరవాలా?

రామగిరి, నల్లగొండ:
మా ఇంట్లో పీఎస్5 గేమ్ కన్సోల్ ఉంది. సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ పరీక్షిస్తే వేగం బాగానే చూపిస్తోంది, నాట్ టైప్ (ఒకే ఇంటర్నెట్ చిరునామాను, అంటే ఐపీని, పరికరాలన్నీ పంచుకునే తీరు) మాత్రం 3, అంటే అన్నిటికంటే కఠినమైనది, అని వస్తోంది. గేములు డౌన్‌లోడ్ అవుతున్నాయి. కానీ వేరే ఊళ్లో ఉండే మా బావమరిది ఆట మొదలుపెడితే నేను చేరలేకపోతున్నాను, చేరినా మాట వినిపించదు. ఫైబర్ కనెక్షన్ పెట్టిన అబ్బాయి యూపీఎన్‌పీ (పరికరం అడిగితే రూటర్ తానే పోర్టులు, అంటే డేటా వచ్చిపోయే నంబర్ల దారులు, తెరిచే సౌకర్యం) ఆన్ చేయమన్నాడు. ఆఫీసులో నెట్‌వర్క్ చూసే మిత్రుడేమో అది ఇంటికి తాళం వేయకుండా ఊరెళ్లడమే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మిర్యాలగూడ:
ఆన్ చేయండి. ఆ సౌకర్యం ఉన్నదే ఇందుకు. తనకు ఏ పోర్టు కావాలో కన్సోలే రూటర్‌ను అడుగుతుంది, రూటర్ తెరుస్తుంది. మీరు ఒక్క అంకె కూడా టైపు చేయనక్కర్లేదు. ఇళ్లలో వాడుకునేవాళ్లను పోర్టు నంబర్లతో భయపెట్టడం నాకు నచ్చదు.

మహబూబ్‌నగర్:
కన్సోల్ అడిగితే పర్వాలేదండీ. ఇంట్లో ఉన్న ఏ పరికరం అడిగినా రూటర్ అలాగే తెరుస్తుంది, పాస్‌వర్డ్ అడగదు. నా అభ్యంతరం అక్కడే. చవకగా కొన్న వైఫై కెమెరా అడిగినా సరే, మీకు తెలియకుండానే అది బయటి ప్రపంచానికి కనిపిస్తుంది. 2013లో రాపిడ్7 అనే సైబర్ భద్రతా సంస్థ పరిశీలిస్తే, ఇంటర్నెట్ నుంచి వేసిన యూపీఎన్‌పీ ప్రశ్నకు ఎనిమిది కోట్లకు పైగా ఐపీ చిరునామాలు జవాబిచ్చాయి. ఇంట్లోవాళ్ల కోసం పెట్టిన సౌకర్యం బయటివాళ్లకు జవాబివ్వడమే తప్పు. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (హ్యాకర్ల అదుపులోకి వెళ్లిన పరికరాల గుంపు) లక్షల కెమెరాలను, రూటర్లను ఎలా పట్టుకుంది? అవన్నీ తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా బయటికి కనిపిస్తున్న పరికరాలే.

చేతితో చేసుకోవడం పెద్ద కష్టం కాదు. కన్సోల్ మ్యాక్ చిరునామా (ప్రతి పరికరానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చూసి, రూటర్‌లో దానికి ఒక ఐపీని స్థిరంగా కేటాయించండి. రూటర్‌లోని పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ఆ ఐపీకి టీసీపీ 3478 నుంచి 3480 వరకు, యూడీపీ 3478, 3479 పోర్టులు పంపించండి (టీసీపీ, యూడీపీ డేటా పంపే రెండు పద్ధతులు). డీఎమ్‌జెడ్‌లో (బయటి నుంచి వచ్చేదంతా ఒకే ఐపీకి వదిలేసే సెట్టింగ్) పెట్టమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. ఐపీ స్థిరంగా లేకపోతే, రేపు అదే ఐపీ పిల్లల ల్యాప్‌టాప్‌కు వెళ్లవచ్చు. బయటి నుంచి వచ్చేదంతా దాని మీద పడుతుంది.

సూర్యాపేట:
మీ ఇద్దరి వాదన తర్వాత చూద్దాం. రామగిరి మిత్రుడి రూటర్‌కు అసలు సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల చిరునామా) ఉందా? అది తెలియకుండా ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు.

అన్నా, బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి చూడండి. తెరుచుకోకపోతే సరైన చిరునామా, లాగిన్ వివరాలు రూటర్ అడుగున అంటించిన కాగితం మీద ఉంటాయి. స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రూటర్‌కు బయటి వైపు ఉన్న ఐపీ) అని ఒక వరుస కనిపిస్తుంది. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనుక ఉన్నట్టే. అంటే కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని అనేక ఇళ్లకు పంచుతోంది. ఈ పని కోసమే 2012 ఏప్రిల్‌లో దాదాపు 42 లక్షల చిరునామాలను విడిగా కేటాయించారు. పాత తరం ఐపీ పద్ధతి అయిన ఐపీవీ4లో చిరునామాలు మొత్తం కలిపినా 430 కోట్ల లోపే. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ 2011 ఏప్రిల్‌లోనే తన చివరి వాటాకు వచ్చేసింది. కొరత నిజమే, అది కంపెనీలు చెప్పే సాకు కాదు.

వాన్ ఐపీ 192.168తో మొదలైతే ఇంకో సంగతి. కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె, మీరు కొన్న రూటర్ రెండూ నాట్ చేస్తున్నాయన్నమాట. ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లోకి (నాట్ చేయకుండా కనెక్షన్‌ను రూటర్‌కు అందించే తీరు) మార్పించుకుంటే చాలు. ముందు ఆ అంకె చూసి చెప్పండి.

రామగిరి, నల్లగొండ:
చూశాను, 100.72తో మొదలైంది. కంపెనీకి ఫోన్ చేస్తే పబ్లిక్ ఐపీకి నెలనెలా అదనంగా కట్టాలన్నారు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

మిర్యాలగూడ:
ఇది అన్యాయం. కొరత ఉంటే ఉండనివ్వండి, ముందే చెప్పాలి కదా. ప్లాన్ కాగితంలో వేగం పెద్ద అక్షరాల్లో వేస్తారు, సీజీనాట్ ఊసే ఉండదు. కన్సోల్ కొన్నవాడు రూటర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాడు.

సూర్యాపేట:
చెప్పకపోవడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా డబ్బు కట్టే ముందు, సీజీనాట్‌తోనే టైప్ 2 వస్తుందేమో కంపెనీని అడగండి. సీజీనాట్ ఉన్నా కొందరికి టైప్ 2 వస్తుంది, అది కంపెనీ తన పరికరాన్ని ఎంత కఠినంగా అమర్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మీకు టైప్ 2 చాలు. టైప్ 1 అంటే రూటర్ లేకుండా కన్సోల్‌ను నేరుగా కలపడం, దాని కోసం ఆరాటపడవద్దు.

మహబూబ్‌నగర్:
పబ్లిక్ ఐపీ తీసుకుంటే నా మాట ఇంకా గట్టిగా పట్టించుకోండి. సీజీనాట్ వెనుక ఉన్నంతకాలం మీ రూటర్‌లో ఏ పోర్టు తెరిచి ఉన్నా బయటివాడికి అందేది కాదు. పబ్లిక్ ఐపీ వచ్చిన క్షణం నుంచి అన్నీ అందుతాయి. ముందు రూటర్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (రూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, కెమెరాను గెస్ట్ వైఫైకి (మిగతా పరికరాల నుంచి వేరుగా ఉండే వైఫై) మార్చండి. యూపీఎన్‌పీ ఆఫ్‌లోనే ఉంచండి.

మిర్యాలగూడ:
మా ఇంట్లో అన్నదమ్ములకు చెరొక ఎక్స్‌బాక్స్ ఉంది. రెండూ 3074 పోర్టునే కోరుకుంటాయి. చేతితో పంపిస్తే ఆ పోర్టు ఒక్కదానికే వెళుతుంది, రెండోదాని గతి ఏమిటి? యూపీఎన్‌పీ ఉంటే రెండోది వేరే పోర్టు అడిగి తెచ్చుకుంటుంది. మీ పద్ధతి ఒక్క కన్సోల్ ఉన్న ఇంటికే సరిపోతుంది.

మహబూబ్‌నగర్:
ఎక్స్‌బాక్స్‌కు దారి ఉంది. నెట్‌వర్క్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆల్టర్నేట్ పోర్ట్ సెలక్షన్ ఉంటుంది. రెండోదానికి అక్కడ వేరే పోర్టు ఎంచుకుని, రూటర్‌లో ఆ పోర్టును దాని ఐపీకి పంపండి. రెండు పీఎస్5లు ఉన్న ఇంటికి మాత్రం మీ వాదనే బలమైనది, యూపీఎన్‌పీ ఆన్ చేయక తప్పదు. అప్పుడు కూడా కెమెరా అదే నెట్‌వర్క్‌లో ఉండటానికి నేను ఒప్పుకోను.