కండర ‘సంకోచం’: అణువుల దగ్గర ఈ మాట నిలుస్తుందా?

ప్రశ్న: కండరాలు ఎలా పనిచేస్తాయో తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ‘కండర సంకోచం’ అని రాసిన ప్రతిసారీ కలం ఆగిపోతోంది. మామూలుగా సంకోచం అంటే మొహమాటం, వెనకాడటం. ‘సంకోచించకుండా అడగండి’ అంటాం కదా. లోపల అణువుల మధ్య జరిగేది చెప్పడానికి ఇంకో మాట ఉందా?

జవాబు: ఉన్న మాటే ఉంచండి. ముడుచుకోవడమే దాని అసలు అర్థం. ‘సంకుచితం’ కూడా అక్కడిదే. మనసు ముడుచుకుంటే వెనకాడతాం, కండరం ముడుచుకుంటే చెయ్యి వంగుతుంది. సందర్భాన్నిబట్టి చదివేవాళ్లకు తెలిసిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో కుదురుకున్న మాటను ఇప్పుడు కదిలించడం ఎందుకు?

ఇంకో జవాబు: మాటను తీసెయ్యమని నేనూ అనను. కానీ చిక్కు మొహమాటంతో కాదు, భౌతికశాస్త్రంతో. అక్కడ సంకోచ వ్యాకోచాలంటే ఘనపరిమాణం తగ్గడం, పెరగడం. కండరంలో అలా జరగదు. అది పొట్టిదైనంత మేరా లావవుతుంది, మొత్తం పరిమాణం దాదాపు అంతే ఉంటుంది. 17వ శతాబ్దంలోనే యాన్ స్వామ్మెర్‌డామ్ అనే డచ్ శాస్త్రవేత్త కప్ప కండరాన్ని గాజు గొట్టంలో పెట్టి దీన్ని పరీక్షించాడు. నరాల్లోంచి ఏదో వచ్చి నిండటంవల్ల కండరం ఉబ్బుతుందని అప్పట్లో నమ్మేవారు. ఉబ్బలేదని ఆ గొట్టం చూపించింది.

అణువుల దగ్గరికి వెళ్తే ‘ముడుచుకోవడం’ కూడా నిలవదు. కండర కణంలో రెండు రకాల పోగులుంటాయి. మయోసిన్ అనే ప్రోటీన్‌తో అయినవి లావు, ఆక్టిన్ అనే ప్రోటీన్‌తో అయినవి సన్నం. లావు పోగు పొడవు సుమారు 1.6 మైక్రోమీటర్లు. కండరం పొట్టిదైనప్పుడు ఈ పోగులే మడతపడి కురచవుతాయని చాలాకాలం అనుకున్నారు. 1954లో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్‌లది. (హక్స్లీలిద్దరికీ ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు.) మైక్రోస్కోపులో చూస్తే కండరం పొట్టిదవుతున్నా లావు పోగులున్న ముదురు చార వెడల్పు మారలేదు, పక్కనున్న లేత చార మాత్రం తగ్గింది. అంటే పోగులు కురచ కావడం లేదు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతున్నాయి. ఏ పోగూ సంకోచించకుండానే కండరం సంకోచిస్తోంది! ఇది మీ పాఠంలో తప్పకుండా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: మరి ‘జారడం’ అని రాస్తే చాలా?

రెండో జవాబు ఇచ్చిన సభ్యుడు: చాలదు. జారడం దానంతట అది జరిగేదిలా వినిపిస్తుంది. ఇక్కడ లాగేవాళ్లున్నారు. లావు పోగు ఒక్కొక్కదానిలో సుమారు 300 మయోసిన్ అణువులు, అణువుకు రెండు తలలు. ఆ తల ఆక్టిన్‌ని పట్టుకుంటుంది, వంగుతుంది, వదులుతుంది, మళ్లీ కొంచెం ముందు పట్టుకుంటుంది. ఒకసారి వంగితే పోగు కదిలేది కొన్ని నానోమీటర్లే. చేతులు మార్చుకుంటూ తాడు లాగుతాం చూడండి, అలాగన్నమాట. అన్ని తలలూ ఒకేసారి వదలవు కాబట్టే పోగు వెనక్కి జారిపోదు.

దీనికి మన భాషలో మంచి జంట మాట ఉంది: పట్టు విడుపు. మొత్తం కండరం చేసేదానికి సంకోచం అని, అణువులు చేసేదానికి పట్టు విడుపు అని రాయమంటాను. నాకు ఇందులో విడుపే ముఖ్యం. శక్తి అంతా లాగడానికే కావాలనుకుంటాం. కానీ తల ఆక్టిన్‌ని వదలాలంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు కొత్తది వచ్చి దానికి అంటుకోవాలి. రాకపోతే పట్టు అలాగే ఉండిపోతుంది. చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారేది ఇందుకే. కండరాల్లో ఏటీపీ అయిపోతుంది, పట్టిన తలలు విడవవు. తర్వాత ప్రోటీన్లు చివికిపోవడం మొదలయ్యాకే ఆ బిగువు సడలుతుంది.

మరో సభ్యురాలు: ‘పిక్క పట్టేసింది’ అంటాం కదండీ, అదీ ఇదేనా?

అదే సభ్యుడు: పట్టు అదే, కారణం వేరమ్మా. పిక్క పట్టేసినప్పుడు ఏటీపీ అయిపోయి కాదు. నరం నుంచి అదుపు లేకుండా సంకేతాలు వస్తూ ఉంటాయి, కండరానికి సడలే అవకాశం దొరకదు. సంకేతం రాగానే కణంలోని సంచుల్లోంచి కాల్షియం బయటికొస్తుంది. అది సన్న పోగు మీదుండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుంటే, అడ్డంగా ఉన్న ట్రోపోమయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ పక్కకు జరిగి, ఆక్టిన్ మీద పట్టుకునే చోట్లు తెరుచుకుంటాయి. కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడెయ్యడానికి మళ్లీ ఏటీపీయే కావాలి.

మొదటి జవాబు ఇచ్చినవారు: పట్టు విడుపు బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఇంకొకటి గమనించారా? బరువును మెల్లగా కిందికి దించేటప్పుడు ముంజేతిని ఆపే కండరం లాగుతూనే సాగుతుంది. శాస్త్రంలో దానికీ సంకోచమనే పేరు. సాగుతున్న కండరాన్ని ‘సంకోచిస్తోంది’ అంటే పిల్లలు తికమకపడతారు. పట్టు విడుపు అంటే అక్కడా సరిపోతుంది. కదలని గోడను నెట్టినప్పుడూ అంతే.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. ఇలా రాశాను, చూడండి: “మయోసిన్ తల ఆక్టిన్‌ని పట్టుకుంటుంది. ఏటీపీ విరగగానే తల వంగి పోగును లాగుతుంది. తర్వాత పట్టు విడుస్తుంది.”

అదే సభ్యుడు: రెండో వాక్యంలో వరస మార్చండి. ఏటీపీ విరిగే సమయానికి తల ఆక్టిన్‌ని వదిలేసి ఉంటుంది. విరిగాక వంగదు, లాగడానికి సిద్ధంగా వెనక్కి వెళ్లి నిలుస్తుంది. ఆ తర్వాత ఆక్టిన్‌ని పట్టుకుని, ఏటీపీ విరిగినప్పుడు ఏర్పడిన ఫాస్ఫేట్ ముక్కని వదిలేటప్పుడు వంగుతుంది. మూడో వాక్యంలో ‘కొత్త ఏటీపీ అంటుకోగానే’ అని చేర్చండి.