అప్‌డేట్: చలికాలపు దిగులు, ప్రార్థన

చలికాలం రాగానే మనసు కుంగిపోతోంది, ప్రార్థన కూడా చేయలేకపోతున్నాను, ఇది విశ్వాసం సన్నగిల్లడమేనా అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

ఒకరు బైబిల్లోని 1 రాజులు 19వ అధ్యాయం చదవమన్నారు. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు. దూత రెండుసార్లు తట్టి లేపి భోజనం చేయమన్నాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు! చదివి చాలాసేపు ఏడ్చాను. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. మాటలు రాని రోజున దాన్నే పైకి చదువుతున్నాను.

డాక్టర్‌ను కూడా కలిశాను. పగటి వెలుతురు తగ్గడంతో వచ్చే డిప్రెషన్ అన్నారు. ఆయన సలహాతో ఉదయాన్నే 10,000 లక్స్ (వెలుతురు తీవ్రతకు కొలత) లైటు ముందు అరగంట కూర్చుంటున్నాను, ప్రార్థన అక్కడే. దిగులు పూర్తిగా పోలేదు. పాడలేకపోయినా ఆదివారం ఆరాధనకు మళ్లీ వెళ్తున్నాను. మందులు అవసరమో లేదో వచ్చే నెల చెబుతారు.