మేకకు మేడ కావాలా? మంచె షెడ్డు, మేపుడు మీద చర్చ

అచ్చంపేట కుర్రోడు:
నలభై మేకలతో మొదలుపెడుతున్నా. యూట్యూబ్‌లో చూసి, నేలకు ఐదడుగుల ఎత్తున సందుల పలకల షెడ్డు వేద్దామనుకున్నా. మా నాయనేమో "మేకకు మేడ ఎందుకురా" అంటున్నాడు. ఏం చేయమంటారు?

దేవరకొండ రైతు:
మీ నాయన మాటలో నిజముంది తమ్ముడూ. ఆ మంచె ఎక్కడ ఎందుకు పుట్టిందో చూడు. జావా దీవిలో వెదురుతో కట్టుకుంటారు. అక్కడ వానలెక్కువ, నేల ఆరదు. పెంటికల్లోని నట్టల (కడుపులో పురుగుల) గుడ్లు తేమ దొరికితే వారంలోనే పిల్లలై తడి గడ్డి మీదికి పాకుతాయి. పైగా ఖాళీ జాగా తక్కువ, ఆకూ గడ్డీ కోసుకొచ్చి వేయాల్సిందే. మనకు వానాకాలం దాటితే నేల ఎండుతుంది. మేక రేగు, తుమ్మ కొమ్మలకే ఎగబడుతుంది. తలెత్తి తినేదానికి నట్టల బెడద తక్కువ.

పోయిన శ్రావణంలో చెరువు శిఖంలో తడి గడ్డి మీద మేపి నేనే తప్పు చేసిన. ఒక మేకకు దవడ కింద నీరు దిగింది. కనురెప్ప తిప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నట్టల మందు పట్టేలోపే పోయింది.

కల్వకుర్తి అక్క:
బాగానే చెప్పినవ్ గానీ తమ్మీ, మేపేటోడేడి? చుట్టూ పత్తి చేలే. సర్కారు నాటిన హరితహారం మొక్కకు మేక నోరు పెడితే పంచాయితీ. నాకు మోకాళ్ల నొప్పులు. మంచె వేసినంక పెంటికలు కిందికే రాలుతున్నయ్, ఊడ్చే బాధ తప్పింది. అవిసె, సుబాబుల్ కోసి వేస్తున్నా. సుబాబుల్ మాత్రం మేతలో మూడో వంతు దాటనీయొద్దు.

దేవరకొండ రైతు:
కూలి బాధ నిజమే అక్కా. కానీ ఆ మేతకు బోరు నీళ్లు కావాలె కదా. ఎండాకాలంలో బోరు ఎండితే నలభై నోళ్లకు ఏం పెడతడు?

నల్లగొండ నుంచి ఒక మాట:
కరీబియన్‌లో గ్వాడెలూప్ దీవిలో క్రియోల్ అనే అక్కడి నాటు మేకలను తాడుతో కట్టి మేపుతారు. నట్టలను తట్టుకునేవాటిని ఎంచి పెంచడం మీద అక్కడ పరిశోధనలు జరిగాయి. షెడ్డు కన్నా ముందు మంచి పోతును చూసుకో.

అచ్చంపేట కుర్రోడు:
అయితే వానాకాలం రాత్రుళ్లకు వెదురు మంచె, పగలు మేత. పది మేకలతోనే మొదలుపెడతా. పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా ఎప్పుడు?

కల్వకుర్తి అక్క:
మూడు నెలలు దాటిన పిల్లలకు వేయించు, మూడేళ్లదాకా కాపాడుతది. చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపేది) టీకా మాత్రం ఏటా, వానలు పడకముందే.