‘డాక్‌నామ్’కి తెలుగు మాట ఏది?

ప్రశ్న: ఝుంపా లాహిరి ‘ది నేమ్‌సేక్’ నవల మీద వ్యాసం రాస్తున్నాను. బెంగాలీలకు ఇంట్లో పిలిచే ‘డాక్‌నామ్’, బడిలో, బయట రాసుకునే ‘భాలోనామ్’ అని రెండు పేర్లుంటాయి. వాటికి ‘ముద్దుపేరు’, ‘అసలు పేరు’ అని వేశాను. చదువుకుంటే అతకడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అక్కా, మాది ఖరగ్‌పూర్. నాన్నగారిది రైల్వే ఉద్యోగం. క్వార్టర్స్‌లో ఇటు మనవాళ్లు, అటు బెంగాలీలు. పక్కింటి కుర్రాడు నాకు ఎప్పుడూ బుబాయే. హైస్కూల్లో ఇద్దరం ఒకే సెక్షన్లో పడ్డాక, మాస్టారు నోరు తిరగని సంస్కృతం పేరొకటి పిలిస్తే వాడు లేచి నిలబడ్డాడు. ఇప్పుడు తల నెరిసింది, అయినా వాళ్లింట్లో బుబాయే. అందులో ముద్దేమీ లేదు, అది వాడి పేరు. ‘ముద్దుపేరు’ అతకనిది అందుకే. ఇక రెండోదాన్ని ‘అసలు’ అన్నారంటే మొదటిది నకిలీ అయిపోతుంది.

మాటకు మాట పెడదామన్నా కుదరదు. భాలో అంటే మంచి. తెలుగులో ‘మంచి పేరు’ తెచ్చుకోవాలే గాని ఎవరూ పెట్టరు. పోనీ ఇంట్లో పిలిచేది కదా అని ‘ఇంటిపేరు’ అంటే వంశం పేరైపోతుంది!

డాక్ అంటే పిలుపు. బెంగాలీలో తపాలాకీ అదే మాట. నవల ముడి అక్కడే ఉంది. కథానాయకుడి తల్లి అశీమా. ఆమె అమ్మమ్మ మునిమనవడికి భాలోనామ్ రాసి పంపిన ఉత్తరం అమెరికా చేరకుండానే డాక్‌లో పోయింది. పేరు రాయందే ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపమన్నారు. తండ్రి తనకిష్టమైన రష్యన్ రచయిత పేరు, గోగోల్, డాక్‌నామ్‌గా రాసిచ్చాడు. అదే ఆ పిల్లాడికి అతుక్కుపోయింది.

లాహిరి బతుకులోనూ ఇదే జరిగింది. ఆమె 1967లో లండన్‌లో పుట్టి, అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని కింగ్‌స్టన్‌లో పెరిగింది. తండ్రి అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేవారు. ఆమె భాలోనామ్ నీలాంజనా సుదేష్ణ. శనిశ్లోకంలో ‘నీలాంజన సమాభాసం’ అని రోజూ చదివే మనకి అదేం బరువు? కింగ్‌స్టన్ టీచరమ్మకి మాత్రం ఝుంపా తేలిక అనిపించింది, బడిలో అదే ఖాయమైంది. 1999లో తొలి కథల పుస్తకం అట్ట మీదకీ, 2000లో పులిట్జర్ బహుమతి మీదకీ ఎక్కింది ఆ ఇంటి పిలుపే. పిలిచే పేరే పెట్టిన పేరైంది.

ఇప్పుడు అనేశాను చూడండి, నా జవాబు అదే: ‘పెట్టిన పేరు’, ‘పిలిచే పేరు’. మన ఇళ్లలో పిల్లకి నాయనమ్మ పేరు పెట్టేవారు. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు గనక ‘అమ్మడూ’ అనో ‘బుజ్జీ’ అనో పిలిచేది. “పెట్టిన పేరు సుబ్బలక్ష్మి, పిలిచేది అమ్మడు” అని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. ఇంత చక్కగా నోట్లో ఆడే జంట ఉండగా కొత్త మాట కట్టడం దేనికి?

ఇంకొకరు: మాస్టారూ, ‘వ్యవహారనామం’ ఉంది కదండీ?

జవాబు: ఉందండీ, కానీ అర్థం తిరగబడుతుంది. బారసాలనాడు నక్షత్రనామం, మాసనామం చెప్పాక లోకంలో చలామణీకి పెట్టేది వ్యవహారనామం. బడి రిజిస్టర్లోకి వెళ్లేది అదే. అంటే అది భాలోనామ్ వైపుకే మొగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు: ‘పెట్టిన పేరు, పిలిచే పేరు’ తీసుకుంటున్నానండీ. ఆవిడ తర్వాతి పుస్తకాల్లోనూ ఈ పేర్ల గొడవ ఉందా?

జవాబు: మీ వ్యాసానికి పనికొచ్చేది ఒకటుందక్కా. 2012లో ఆవిడ సంసారంతో సహా రోమ్ వెళ్లింది. నేర్చుకున్న ఇటాలియన్‌లోనే రాయడం మొదలుపెట్టింది. ఆ భాషలో 2018లో వచ్చిన నవల ‘దోవే మీ త్రోవో’ని తనే ఇంగ్లీషు చేసి 2021లో అచ్చు వేయించింది. అందులో కథ చెప్పే ఆవిడకి పేరు లేదు, ఆమె తిరిగే ఊరికీ పేరు లేదు. ఒక్క పేరు చుట్టూ నవలంతా అల్లిన మనిషి అక్కడికొచ్చేసరికి పెట్టిన పేరూ, పిలిచే పేరూ రెండూ వదిలేసింది. చదివినప్పుడు నాకు గుండె పట్టేసినట్టయింది. మీ వ్యాసంలో దానికో పేరా ఇవ్వండి.