90వ కీర్తన: వెయ్యేళ్లు నిన్నటి దినమైనప్పుడు ‘ఎంతకాలం’ అన్న మొర ఎందుకు?

తాళపత్రం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా బైబిల్లోని హీబ్రూ కీర్తనలలో 90వ కీర్తనను పదే పదే చదువుతున్నాను. 150 కీర్తనలలో, ఇశ్రాయేలీయుల నాయకుడైన మోషే ప్రార్థన అన్న శీర్షిక ఉన్నది దీనికొక్కదానికే. పర్వతాలు పుట్టకముందే నీవు దేవుడవని మొదలుపెట్టిన కవి, వెయ్యి సంవత్సరాలు నీ దృష్టిలో గడచిపోయిన నిన్నటి దినం వంటివనీ, రాత్రివేళ ఒక జాము వంటివనీ అంటాడు. మనిషేమో ఉదయం చిగిర్చి సాయంకాలానికి వాడిపోయే గడ్డి. అతని ఆయుష్షు డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై. ఇంతవరకు నాకు ఇబ్బంది లేదు. 13వ వచనంలో మాత్రం అదే కవి దేవుణ్ణి “ఎంతకాలం?” అని అడుగుతాడు. వెయ్యేళ్లు ఒక్క దినంగా తోచే వాడిని ఎంతకాలమని అడగడంలో అర్థమేమిటి? చివరి వచనంలో తమ చేతిపనిని స్థిరపరచమని రెండుసార్లు వేడుకోవడం కూడా నాకు అంతుబట్టడం లేదు. వాడిపోయే గడ్డికి స్థిరమైన పని ఎక్కడిది? మూలభాష తెలిసినవారు వివరించగలరా?

మూలాక్షరం:

తాళపత్రం గారూ, మీ మొదటి సందేహానికి మూలం ‘ఓలామ్’ అనే మాటలో ఉందని నా అభిప్రాయం. 2వ వచనంలో ‘మేఓలామ్ అద్ ఓలామ్’ అని ఉంటుంది. దీన్ని మనం యుగయుగాలనో, శాశ్వతమనో అనువదించుకొని, వెంటనే కాలానికి అతీతమైన స్థితి అన్న తాత్త్విక భావాన్ని అందులోకి తెచ్చుకుంటాం. ప్రాచీన హీబ్రూ కవిత్వంలో ఓలామ్ అంటే వెనక్కి చూసినా ముందుకు చూసినా చూపు ఆనని దూరంలో ఉన్న కాలం. అంటే కవి దేవుణ్ణి కాలం వెలుపల నిలబెట్టడం లేదు. కాలపు ఆ కొసనుంచి ఈ కొస వరకు ఉన్నవాడని చెబుతున్నాడు. కాలమంతటా ఉన్నవాణ్ణి ఎంతకాలమని అడగవచ్చు.

జాము పోలికను కూడా నిదానంగా చూడండి. హీబ్రూలో ఆ మాట ‘అష్మురా’, అంటే కావలి సమయం. బైబిల్లోని న్యాయాధిపతుల గ్రంథంలో గిద్యోను అనే యోధుడి కథ నడిజామును ప్రస్తావిస్తుంది కనుక, ఆనాటి రాత్రికి మూడు కావళ్లుండేవని పండితులు గ్రహించారు. నిద్రపోయేవాడికి ఒక కావలి తెలియకుండానే గడిచిపోతుంది. మేల్కొని కాపలా కాసేవాడికి అదే కావలి ఎంతకూ తెల్లవారదు. ఈ కీర్తనలో మనుషులు కావలివాళ్లలా మేల్కొని ఉన్నారని నాకనిపిస్తుంది. అందుకే 14వ వచనంలో వాళ్లు అడిగేది ఉదయాన్ని: ఉదయమే నీ కృపతో మమ్మల్ని తృప్తిపరచు అని.

అన్నిటికన్నా నన్ను కదిలించేది ‘షూవ్’ (తిరుగు) అనే ధాతువు. 3వ వచనంలో దేవుడు మనిషిని నలిగిన ధూళిగా తిప్పేస్తాడు, “నరులారా, తిరగండి” అని ఆజ్ఞాపిస్తాడు. 13వ వచనంలో మనిషి అదే క్రియను ఎత్తుకొని “యెహోవా, తిరుగుము” అంటాడు. తనను మట్టికి పంపిన మాటనే మట్టి తిరిగి దేవుడికి వినిపిస్తోంది. నిర్గమకాండం 32వ అధ్యాయంలో ప్రజలు బంగారు దూడను చేసి పూజించిన తరువాత మోషే దేవుణ్ణి కోపంనుంచి తిరగమనీ, మనసు మార్చుకోమనీ బ్రతిమాలినప్పుడు వాడిన రెండు క్రియలూ ఈ 13వ వచనంలో ఉన్నవే. కీర్తనను మోషేయే రచించాడా అన్నది వేరే చర్చ. ఆ శీర్షిక పెట్టినవారు మాత్రం ఈ పోలికను విని ఉంటారు.

నిదానం:

మూలాక్షరం గారి వివరణ నాకు నచ్చింది గాని, 7 నుంచి 11 వరకు ఉన్న వచనాలను వదిలేసి ఈ కీర్తనను చదవకూడదు. అక్కడ మరణం కేవలం ప్రకృతి ధర్మంగా లేదు. మా దోషాలను నీ ముఖకాంతిలో నిలిపావు, నీ ఉగ్రతలో మా దినాలన్నీ గడచిపోతున్నాయి అంటాడు కవి. ఆ మాట కష్టంగా ఉన్నా అక్కడే ఉంది. నరికిన చెట్టుకైనా మళ్లీ చిగురించే ఆశ ఉందని, మనిషికి అదీ లేదని బైబిల్లోని యోబు గ్రంథం 14వ అధ్యాయం అంటుంది. మృతులు యెహోవాను స్తుతించరని 115వ కీర్తన అంటుంది. మరణానంతర జీవితమనే ఓదార్పు ఈ కవులకు దాదాపు అందుబాటులో లేదు. కాబట్టి అడిగేదేదైనా ఈ దినాలలోనే అడగాలి. 15వ వచనం చూడండి: మమ్మల్ని శ్రమపెట్టిన దినాలెన్నో అన్ని దినాలు సంతోషపెట్టు అంటాడు. వెయ్యేళ్లను ఒక్క దినంగా చూసేవాడి ముందు కవి దినానికి దినం లెక్క వేస్తున్నాడు! 12వ వచనంలో దినాలు లెక్కించడం నేర్పమని అడిగినవాడు ఇక్కడ ఆ లెక్కను దేవుడి ముందే పెట్టాడు.

102వ, 103వ కీర్తనలను కూడా పక్కన పెట్టుకొని చదవండి. 102లో ఆకాశాలే బట్టలా పాతబడతాయి, దేవుడు మాత్రం నిలుస్తాడు. 103లో మనిషి గడ్డి, గాలి వీస్తే అతడుండిన చోటు కూడా అతణ్ణి ఎరగదు. ఆ వెంటనే దేవుని కృప ‘మేఓలామ్ వెఅద్ ఓలామ్’ అని ఉంటుంది. 90వ కీర్తనలో దేవుడి ఉనికికి వాడిన మాటను అక్కడ ఆయన కృపకు వాడారు.

తాళపత్రం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ఎంతకాలం’ సంగతి ఇప్పుడు అర్థమైంది. చేతిపని సంగతి ఎవరూ చెప్పలేదు.

మూలాక్షరం:

క్షమించండి, అది మరిచాను. ‘స్థిరపరచు’ అన్నచోట హీబ్రూలో ఉన్న క్రియ, 8వ కీర్తనలో దేవుడు చంద్రుణ్ణీ నక్షత్రాలనూ స్థాపించాడని చెప్పే క్రియే. “మనిషి ఏపాటివాడు” అన్న ప్రశ్న అక్కడ సరిగ్గా దాని తరువాతే వస్తుంది. నక్షత్రాలను నిలిపిన ఆ క్రియను తన చేతిపని కోసం అడగడం చిన్న కోరిక కాదు. మూలంలో రెండు అభ్యర్థనలూ పూర్తిగా ఒకటి కావు. మొదటిసారి “మా చేతిపనిని మా మీద స్థిరపరచు” అని ఉంటుంది. రెండోసారి ‘మా మీద’ అన్న మాట ఉండదు. “మా చేతిపనిని, దాన్ని స్థిరపరచు” అని మాత్రమే ఉంటుంది. తాము లేని రోజున కూడా ఆ పని నిలవాలని కవి అడుగుతున్నాడని నేను చదువుకుంటాను.