టోక్యో గురించి రాయడానికి ‘ఓకీ మాచి’ సరిపోతుందా?

ప్రశ్న:
జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి (కింది నుంచి రెండోది) పూర్తి చేశాను. ఇప్పుడు టోక్యో, ఒసాకాల మీద చిన్న వ్యాసం రాయాలి. పెద్ద నగరం అని చెప్పాల్సిన ప్రతిచోటా ‘ఓకీ మాచి’ అని రాస్తే చిన్నపిల్లల మాటలా ఉందన్నారు మా టీచర్. నిఘంటువులో ‘తోకాయ్’, ‘దాయ్‌తోషి’, ‘శుతోకెన్’ కనిపించాయి. వేటిని ఎక్కడ వాడాలి? జనాభాను ఎలా చెప్పాలి?

మొదటి జవాబు:
‘తోకాయ్’ మనుషులు మాట్లాడుకునే మాట. దానికి ఎదురుగా ఎప్పుడూ ‘ఇనాకా’, అంటే పల్లెపట్టు, నిలబడి ఉంటుంది. పట్నం మీది మోజూ విసుగూ ఆ మాటలోనే పలుకుతాయి. ‘దాయ్‌తోషి’, అంటే పెద్ద నగరం, వార్తలది, భూగోళ పాఠాలది. మీ వ్యాసానికి అదే తగినది. కోటి దాటిన మహానగరాలను ‘క్యోదాయ్ తోషి’ అనవచ్చు, ‘మెగాషితీ’ కూడా వాడుకలో ఉంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ‘టోక్యో-షి’ అని రాయకండి (‘షి’ అంటే నగరం). 1943లో టోక్యో నగరాన్నీ, దాని చుట్టూ ఉన్న టోక్యో-ఫు అనే రాష్ట్రం లాంటి విభాగాన్నీ కలిపి ‘టోక్యో-తో’ (రాజధాని విభాగం) చేశారు. అప్పటినుంచి టోక్యో నగరమన్న పాలనా విభాగమే లేదు, నడిబొడ్డున ఉన్నవి 23 ప్రత్యేక ‘కు’లు, అంటే వార్డులు. అందుకే జపాన్‌లో అత్యధిక జనాభా గల ‘షి’ యోకొహామా. అయిదు లక్షలకు పైబడిన జనాభాతో, ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా విశేషాధికారాలు పొందిన నగరాలు 20 ఉన్నాయి. వాటిని ‘సేరేయ్ షితేయ్ తోషి’ అంటారు. ఒసాకా అందులో ఉంది, టోక్యో లేదు. ఈ తేడా తెలిసి రాసిన వ్యాసం మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

‘శుతోకెన్’ రాజధాని ప్రాంతం. 1956 నాటి చట్టం ప్రకారం టోక్యోతో పాటు ఏడు ‘కెన్’లు (రాష్ట్రాల్లాంటి విభాగాలు) దాని కిందికి వస్తాయి. ఒసాకా వైపు క్యోటో, కోబెలను కలుపుకొని ‘కేయ్‌హన్‌షిన్’ అంటారు.

రెండో జవాబు:
జనాభా సంగతి నేను చెబుతాను. వాళ్ళ లెక్క పదివేలతో, అంటే ‘మాన్’తో నడుస్తుంది. లక్ష ‘జూమాన్’, కోటి ‘ఇస్సెన్‌మాన్’. టోక్యో-తో జనాభా సుమారు కోటీ నలభై లక్షలు కనుక ‘యాకు సెన్ యోన్‌హ్యాకు మాన్ నిన్’. జనాభా ఎక్కువ అనడానికి ‘జిన్కో గా ఓయ్’ అనాలి, ‘ఓకీ’ కుదరదు. శివారును ‘కోగాయ్’ అంటారు. కాలుష్యానికీ అదే ఉచ్చారణ, స్వరం ఎత్తే చోటు మాత్రమే వేరు. మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

మూడో జవాబు:
అంతా టోక్యోలోనే పోగుపడటాన్ని ‘ఇక్క్యోకు శూచూ’ అంటారు. అది లేకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. కిక్కిరిసిన రైలు ‘మన్‌ఇన్ దెన్‌శా’. టోక్యో వైపు వెళ్ళే రైలు ‘నొబొరి’, అటునుంచి వచ్చేది ‘కుదరి’. చదువుకో ఉద్యోగానికో టోక్యో చేరడం ‘జోక్యో’.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలండీ. యోకొహామావాళ్ళు టోక్యో వెళ్ళినా ‘జోక్యో’ అంటారా?

మూడో జవాబు ఇచ్చినవారు:
సాధారణంగా అనరండీ. దూర ప్రాంతాల నుంచి వచ్చేవారి విషయంలోనే ఆ మాట వినిపిస్తుంది. యోకొహామా నుంచైతే ‘టోక్యో ని ఇకు’ (టోక్యోకి వెళ్తాను) చాలు.